స్టీరింగ్ కాలమ్ బుష్: ఫెల్టా, డెల్రినా, గన్ మెటలా, బాల్ బేరింగా?

ముందు కారులో కూర్చుని ఒక పని చేయండి. ఇంజిన్ ఆపేసి స్టీరింగ్ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకోండి. తిప్పకుండా పైకీ కిందికీ, తర్వాత పక్కలకీ కదపండి. స్టీరింగ్ కాలమ్ అనే గొట్టం లోపల షాఫ్టు టకటకా కొట్టుకుంటే, దాన్ని పైన పట్టి ఉంచే తొడుగు, అంటే కాలమ్ పైబుష్ గానీ బేరింగు గానీ అరిగిపోయినట్టే. చక్రం అలా ఊగకుండా, గుండ్రంగా తిప్పినప్పుడు మాత్రం రెండంగుళాలు ఖాళీగా తిరిగి ఆ తర్వాతే ముందు టైర్లు కదులుతున్నాయంటే జబ్బు ఇంకెక్కడో ఉంది. టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే కడ్డీల చివరి కీళ్లు), రాక్ (చక్రాలను పక్కకు తోసే పళ్ల కడ్డీ) బుష్, స్టీరింగ్ బాక్స్, కింద ఉండే కప్లింగ్ చూసుకోవాలి. పైబుష్ ఎంత అరిగినా చక్రానికి ఊపు వస్తుంది తప్ప తిప్పడంలో అంత ఖాళీ రాదు.

ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మా విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మాకు తెలిసిన ఒకాయన తన అంబాసిడర్‌కు కాలమ్ బుష్ రెండుసార్లు మార్పించారు. తిప్పడంలో ఖాళీ అలాగే ఉంది. చివరికి చూస్తే ఎడమవైపు టై రాడ్ ఎండ్ చేత్తో పట్టుకుంటేనే ఊగుతోంది. ఆయన స్టీరింగ్‌ను పైకెత్తి చూసుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

నాది మా తాతగారి కారు, బేబీ హిందుస్థాన్. మోరిస్ మైనర్‌నే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఆ పేరుతో అమ్మారు. దీని స్టీరింగ్ కాలమ్‌లో కష్టమైనదేమీ లేదు. కింద రాక్ పినియన్ షాఫ్టును పట్టుకుంటుంది, పైన ఫెల్ట్ (ఊలును అదిమి చేసిన మందపాటి గుడ్డ) బుష్ పట్టుకుంటుంది. ఆ ఫెల్ట్ అరిగిందంటే బీచ్ రోడ్డులో భీమిలి వెళ్లి వచ్చేసరికి చెయ్యంతా జివ్వుమంటుంది. నేను ఈ ఒక్క బుష్ కోసం మూడేళ్లలో మూడు రకాలు వేసి చూశాను. కింద చెప్పేవాటిలో సగం ఆ అనుభవమే. మిగతాది జీపులు, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు ఉన్న స్నేహితుల దగ్గర చూసింది.

ఏ రకం వేయాలా అని తల పట్టుకునే ముందు షాఫ్టును చూడాలి. పాత బుష్ ఊడదీసి, అది కూర్చునే చోట షాఫ్టును కిరోసిన్‌తో శుభ్రంగా తుడిచి గోరుతో నిలువుగా గీరండి. గోరు ఎక్కడైనా మెట్టు తగిలినట్టు ఆగితే అక్కడ షాఫ్టు కూడా అరిగింది. తర్వాత మైక్రోమీటరుతో, అది లేకపోతే మంచి వెర్నియర్‌తో, అరగని చోట ఒకసారి, అరిగిన చోట రెండు అడ్డదిశల్లో రెండుసార్లు కొలవండి. ఆ రెండు కొలతల మధ్య తేడా ఉంటే షాఫ్టు గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. అలాంటి షాఫ్టు మీద ఎంత ఖరీదైన బుష్ వేసినా ఒకవైపు బిగుతుగా, ఇంకోవైపు వదులుగా ఉంటుంది. గాజువాక ఆటోనగర్‌లో నా పని చూసిన మేస్త్రి మొదటి రోజే చెప్పాడు.

"ఏటండీ బాబూ, బుష్ గురించే అడుగుతున్నారు. ముందు రాడ్డు సంగతి చూడండి. అది బాగుంటే మీకు ఏ బుష్షైనా పని చేస్తాది."

నేను వినలేదు. ఆ మాట విలువ మూడో బుష్ దగ్గర తెలిసింది.

షాఫ్టు అరిగిందని వెల్డింగు పెట్టించి మళ్లీ తిప్పించే పద్ధతి ఒకటి ఉంది. అది మాత్రం వద్దు. వెల్డింగు వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారిపోతుంది, తర్వాత ఏ రోజైనా అక్కడే విరగవచ్చు. స్టీరింగ్ షాఫ్టు విరిగితే బ్రేకు తొక్కడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. అరుగుదల కొద్దిగా ఉంటే ఆ కాస్త భాగాన్నే లేతు మీద పట్టి గుండ్రంగా చేయించి, తగ్గిన కొలతకు సరిపడే బుష్ తిప్పించుకోవడం మేలు. మరీ లోతుగా పోతే మంచి షాఫ్టు వెతుక్కోవాల్సిందే.

ఇక రకాల సంగతి.

ఫెల్ట్‌ను చాలామంది చులకనగా చూస్తారు. అది తప్పు. మోరిస్ వాళ్లు వేసింది ఊలు ఫెల్ట్. నూనె పీల్చుకుని మెల్లగా వదులుతుంది, చప్పుడు చేయదు, షాఫ్టును కొరకదు. షాఫ్టు కాస్త కోడిగుడ్డు ఆకారంలో ఉన్నా సర్దుకుపోతుంది. ఖర్చు కూడా చాలా తక్కువ. వేసే ముందు రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, పిండి, షాఫ్టు చుట్టూ చుట్టి గొట్టంలోకి దింపాలి. ఊలు ఫెల్టే కావాలి. కార్పెట్ల షాపులో దొరికే సింథటిక్ ఫెల్ట్ నూనెను అంతగా పట్టుకోదు, కొన్నాళ్లకు పీచు పీచుగా ఊడి వస్తుంది.

అయితే మన ఊళ్లో ఫెల్ట్‌కు ఒక శత్రువు ఉంది. పాతనగరం, జ్ఞానాపురం వైపు ఇళ్లున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి పొడి పొద్దున తుడిచిన అరుగు మీద సాయంత్రానికి మళ్లీ కనిపిస్తుంది. నూనెతో తడిసిన ఫెల్ట్ ఆ పొడిని అయస్కాంతంలా పట్టుకుంటుంది. ఏడాది తిరిగేసరికి షాఫ్టు చుట్టూ సన్నటి గరుకు కాగితం చుట్టినట్టే. నా షాఫ్టు అరగడానికి కారణం అదేనని నా అనుమానం. ఎందుకంటే మా తాతగారి కాలంలో ఈ కారు పాతనగరంలోనే ఉండేది. కాబట్టి ఫెల్ట్ వేస్తే రెండేళ్లకోసారి తీసి కొత్తది వేయాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లకు, కారును కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచుకోవాలనుకునేవాళ్లకు ఇది మంచి ఎంపిక.

ఇక్కడ చిన్న మాట. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలను వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. బుష్ ఫెల్ట్ నుంచి ప్లాస్టిక్‌కు మారిందని ఎవరూ కాగితాలు ఆపరు. ఆ భయంతో ఫెల్ట్ ఎంచుకోనక్కర్లేదు.

రెండోది ప్లాస్టిక్ బుష్. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ఫెల్ట్ తీసేసి "తెల్ల నైలాన్" బుష్ తిప్పించుకున్నాను. వేసినది మే నెలలో. మొదటి నెల అద్భుతం. చక్రం ఊగదు, చప్పుడు లేదు. జూలై వానలు పట్టాక ఆసీల్‌మెట్ట దగ్గర మలుపు తిప్పి చెయ్యి వదిలితే స్టీరింగ్ తిరిగి రావడం లేదు. మామూలుగా మలుపు అయ్యాక చక్రాలు వాటంతట అవే నేరుగా వస్తాయి కదా, అది ఆగిపోయింది. లాగి తెచ్చుకోవాల్సి వస్తోంది. రాక్ పాడైందేమోనని టెన్షన్ పడి రెండు రోజులు కారు తీయలేదు. చివరికి బుష్ ఊడదీద్దామంటే అది షాఫ్టును వదలనంటోంది.

తప్పు తిప్పినవాడిది కాదు, నైలాన్‌ది. నైలాన్ 6 గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బాగా తడిస్తే తన బరువులో 8 శాతం పైగా నీరు పట్టుకుని ఉబ్బుతుంది. లావు రాడ్డు నడిమధ్య భాగం పొడిగానే ఉంటుంది, ఎందుకంటే తేమ లోపలికి వెళ్లడానికి చాలా కాలం పడుతుంది. ఆ పొడి భాగాన్నే లేతు మీద పల్చటి బుష్‌గా తిప్పితే తేమకు దారి తెరిచినట్టే. లెక్క చూడండి. బయటి కొలత 30 మి.మీ. ఉన్న బుష్ ఒక్క శాతం పెరిగితే 0.3 మి.మీ. బయట ఇనుప గొట్టం ఉంది కాబట్టి ఆ పెరుగుదల చాలావరకు లోపలికే వస్తుంది. షాఫ్టుకూ బుష్‌కూ మధ్య మనం వదిలిన ఖాళీ 0.1 మి.మీ. ఇంకేముంది, పట్టేసింది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఈ లెక్క వేసుకోకుండా నైలాన్ వేసుకోవడం నా తెలివితక్కువతనం.

దానికి బదులు వేయవలసింది అసిటాల్. షాపుల్లో డెల్రిన్ అంటేనే తెలుస్తుంది, కొందరు పీఓఎం అంటారు. ఇదీ గట్టిగా, నున్నగా ఉంటుంది, లేతు మీద చక్కగా తిరుగుతుంది. పూర్తిగా నానినా పట్టుకునే నీరు ఒక శాతం లోపే. అందుకే 0.1 నుంచి 0.15 మి.మీ. ఖాళీ ఇచ్చి తిప్పిస్తే వానాకాలమైనా ఎండాకాలమైనా ఒకేలా ఉంటుంది. చిక్కేమిటంటే నైలాన్, డెల్రిన్ రెండూ తెల్లగానే దొరుకుతాయి, చూస్తే పోల్చుకోవడం కష్టం. అడిగితే అందరూ "డెల్రినే సార్" అంటారు. దీనికి ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి ఉంది. ఒక గ్లాసు నీళ్లలో గల్లుప్పు వేసి ఇక కరగనంతవరకు కలపండి. అడుగున కాస్త ఉప్పు మిగిలిపోవాలి. ఆ నీటి సాంద్రత 1.2 దాకా వస్తుంది. రాడ్డు నుంచి చిన్న ముక్క కోసి అందులో వేసి, బుడగలు అంటుకోకుండా ఒకసారి కదపండి. నైలాన్ సాంద్రత 1.14 దగ్గర ఉంటుంది కాబట్టి తేలుతుంది. డెల్రిన్‌ది 1.4 కాబట్టి మునుగుతుంది. సముద్రపు నీళ్లతో చేస్తే రెండూ మునుగుతాయి, కాబట్టి బీచ్‌కు వెళ్లి బాటిల్ నింపుకోకండి.

డెల్రిన్ దొరక్క నైలానే వాడక తప్పకపోతే, ముందు కాస్త ఎక్కువ కొలతకు తిప్పించి, కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టి, చల్లారాక అసలు కొలతకు తిప్పించండి. ఉబ్బేది ముందే ఉబ్బిపోతుంది.

స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నవాళ్లకు ఈ గొడవ తక్కువ. మద్రాసులో తయారైన ఆ కారు కాలమ్‌లో కంపెనీ నుంచే ప్లాస్టిక్ బుష్ రబ్బరుతో కలిసి వస్తుంది. అలాంటి బుష్ దొరికితే అదే వేయండి. అయితే మామూలు గ్రీజు రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్ గ్రీజు వాడండి.

మూడోది గన్ మెటల్. ఈ ఊళ్లో దీనికి కొదవ లేదు. షిప్‌యార్డు, ఫిషింగ్ హార్బరు ఉన్న చోట గన్ మెటల్ తిప్పడం చేతి వాటం అయిపోయిన పనివాళ్లు ఉంటారు. పాతకాలపు గన్ మెటల్‌లో నూటికి 88 పాళ్లు రాగి, 10 తగరం, 2 జింకు. ఉప్పుగాలి దీన్ని పెద్దగా ఏమీ చేయలేదు, ఓడ సామానులో వాడేది అందుకే. ఎన్నేళ్లైనా ఉబ్బదు, సడలదు. షాఫ్టును లేతు మీద పట్టించి కొలత తగ్గించినవాళ్లకు ఇదే సరైన జోడీ, ఎందుకంటే కావలసిన కొలతకు ఖచ్చితంగా తిప్పుకోవచ్చు.

కానీ మూడు విషయాలు చూసుకోవాలి. గొట్టంలోకి బుష్‌ను బిగుతుగా దింపగానే లోపలి రంధ్రం కాస్త చిన్నదవుతుంది. అందుకే తుది కొలత, బుష్‌ను దింపాకే రీమర్‌తో (రంధ్రాన్ని సన్నగా చెక్కి నున్నగా చేసే పనిముట్టు) తీయాలి, ముందే తీస్తే పట్టేస్తుంది. 20 మి.మీ. షాఫ్టుకు 0.02 నుంచి 0.05 మి.మీ. ఖాళీ చాలు. రెండోది, గ్రీజు దారి. లోపల చిన్న గాడి, బయటి నుంచి గ్రీజు వెళ్లే రంధ్రం లేకపోతే ఆరు నెలల్లో కీచుకీచుమంటుంది. మూడోది, రోడ్డు వణుకు. లోహం మీద లోహం కదా, ఫెల్ట్ మింగేసే సన్నటి వణుకంతా దీంతో చేతికి తెలుస్తుంది. కొందరికి అదే ఇష్టం. నాకైతే చిరాకు.

నాలుగోది బాల్ బేరింగు. ఇది వినడానికి గొప్పగా ఉంటుంది. "బేరింగు వేయించాను" అంటే వినేవాళ్లు కళ్లు పెద్దవి చేసి చూస్తారు. కంపెనీ నుంచే బాల్స్ ఉన్న కాలమ్ అయితే, ఉదాహరణకు విల్లీస్ నమూనా పాత జీపులు, అదే వేయాలి. వాటి పైన బాల్స్, వాటి మీద ఒక కప్పు, దాన్ని నొక్కి ఉంచే స్ప్రింగు ఉంటాయి. బేరింగు మార్చి పాత స్ప్రింగునే పెట్టేస్తే పని సగమే అయినట్టు, నొక్కుడు తగ్గిపోయి కొత్త బాల్స్ కూడా గలగలలాడతాయి. మా మిత్రుడి జీపు 2014లో హుద్‌హుద్ తుఫానుకు విరిగిపడిన చెట్టు కింద కొన్ని వారాలు ఉండిపోయింది. తర్వాత విప్పితే బాల్స్ మీద తుప్పు గుంటలు, చక్రం తిప్పితే గింజలు నలిగినట్టు చప్పుడు.

బుష్ ఉండే కాలమ్‌ను బాల్ బేరింగుకు మార్చుకుందామనుకునేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. మొదటి అడ్డంకి కొలత. పాత ఇంగ్లిషు కార్ల షాఫ్టులు అంగుళాల్లో ఉంటాయి. ముప్పావు అంగుళం అంటే 19.05 మి.మీ. షాపులో తేలిగ్గా దొరికే 6204 బేరింగు 20 మి.మీ. షాఫ్టుకు, దాని బయటి కొలత 47, వెడల్పు 14. ఆ మధ్య ఖాళీని రేకు చుట్టి పూడ్చేవాళ్లను చూశాను. రేకు కొన్నాళ్లకు జారి బయటికి వస్తుంది. ముప్పావు అంగుళానికి ఆర్12 అనే అంగుళాల బేరింగు ఉంది, బయటి కొలత 1⅝ అంగుళాలు. అదైనా మీ గొట్టంలో పట్టేంత చోటుందా అన్నది కొలిచి చూసుకోవాలి.

రెండో అడ్డంకి బిగింపు. లోపలి రింగునూ బయటి రింగునూ రెండింటినీ గట్టిగా దిగ్గొడితే లోపలి ఖాళీ పోయి చక్రం గళ్లు గళ్లుగా తిరుగుతుంది. పోనీ ఖాళీ ఎక్కువున్నది తీసుకుందామని సి3 అని రాసి ఉన్నది తెచ్చుకుంటే ఊపు మళ్లీ వస్తుంది. 20 మి.మీ. బేరింగులో మామూలు ఖాళీ 5 నుంచి 20 మైక్రాన్లు, సి3లో 13 నుంచి 28. మోటార్లకు సి3 మంచిదే, స్టీరింగుకు కాదు. సీలు విషయంలో రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ తీసుకోండి. రేకు మూతలున్న జడ్‌జడ్ ఉప్పుగాలిని ఆపలేదు. ఇక తిరిగే వేగం, మోసే బరువు లెక్కలు స్టీరింగుకు అవసరమే లేదు, నిమిషానికి నాలుగు చుట్లు తిరిగేదానికి ఏ బేరింగైనా ఎక్కువే.

పాత సామాన్ల షాపులో పూర్తి కాలమ్ దొరికితే తెచ్చి వేసేయడం అయిదో దారి. బాగానే ఉంటుంది, కానీ దానిలోని బుష్ కూడా మీదానికంటే తక్కువేమీ తిరగలేదని గుర్తుంచుకోండి. నా దృష్టిలో దాని విలువ అందులోని షాఫ్టు వల్లే. కొత్త తరం కార్లలో, ప్రమాదంలో తనలోకి తాను ముడుచుకునే కాలమ్ ఉంటే మాత్రం విప్పి బుష్ మార్చే ప్రయత్నం చేయకండి. పూర్తి అసెంబ్లీయే మార్చాలి.

నన్నడిగితే ఇలా చెప్తాను. షాఫ్టు బాగుండి, కారు ఇంటి ముందు బయటే ఉంటూ వారానికోసారి తిరిగేదైతే డెల్రిన్. షాఫ్టును లేతు మీద పట్టించాల్సి వచ్చిందంటే గన్ మెటల్. ప్రదర్శనలకు తీసుకెళ్లే కారు, మూసిన గ్యారేజీలో ఉండేదైతే ఫెల్ట్. జీపుకు జీపు బాల్సే. నైలాన్ ఎవరికీ వద్దు. ఇది కాక "గొట్టాన్ని కాస్త నొక్కించి బిగించేద్దాం సార్" అనే సలహా ఎక్కడైనా వస్తే, కారు తీసుకుని వచ్చేయండి.

వేసేటప్పుడు ముందు బ్యాటరీ తీగ తీసేయండి, హారన్ తీగ కాలమ్ లోంచే పోతుంది. టైర్లు నేరుగా పెట్టి, చక్రానికీ షాఫ్టుకూ కలిపి సుద్దతో ఒక గీత గీయండి. లేకపోతే బిగించాక స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది. చక్రం ఊడదీయడానికి పుల్లరే (లాగి తీసే పనిముట్టు) వాడాలి. నట్టు వదులు చేసి షాఫ్టు తలమీద సుత్తితో కొట్టడం మామూలే గానీ, ఆ దెబ్బ నేరుగా కింద రాక్‌కో బాక్సుకో తగులుతుంది. బ్రాకెట్ బోల్టులు చివరిదాకా వదులుగానే ఉంచి, చక్రాన్ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, కాలమ్ తనంతట తాను సర్దుకున్నాక బిగించండి. వంకరగా బిగిస్తే కొత్త బుష్ ఒకే వైపు అరగడం మొదలవుతుంది. ముందు చక్రాలు జాకీ మీద లేపి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే ఎక్కడా బిగిసినట్టు ఉండకూడదు.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పనిది. చాలా పాత వాహనాల్లో హారన్ బటన్ ఎర్త్ షాఫ్టు మీదుగానే పోతుంది. లోహపు బేరింగు ఉన్నంతకాలం అది గొట్టానికీ, అక్కడి నుంచి బాడీకీ తేలిగ్గా చేరుతుంది. దాని బదులు ప్లాస్టిక్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కింద స్టీరింగ్ బాక్స్ లోంచి ఎర్త్ దొరకొచ్చు, కానీ అక్కడంతా గ్రీజు కాబట్టి ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. మా జీపు మిత్రుడు బాల్స్ తీసేసి డెల్రిన్ వేస్తానని పట్టుబట్టి వేయించుకున్నాడు. మర్నాడు హనుమంతవాక దగ్గర లారీ వెనక హారన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మేస్త్రి నవ్వుకుంటూ షాఫ్టుకు ఆనేలా ఒక చిన్న రాగి రేకు బిగించి, దాని నుంచి బాడీకి తీగ లాగాడు. ఇప్పుడు హారన్ బాగానే మోగుతోంది, కాకపోతే ఎడమవైపు పూర్తిగా తిప్పినప్పుడు ఆ రేకు సన్నగా కిచకిచమంటుంది.